దండేసిన టీం ఫొటో

అంకుల్ సూప్ గిన్నెతో దగ్గరికొచ్చేకొద్దీ నేను సోఫా మూలకి జరిగిపోతున్నా. మొన్న షాపులో నీలం మఫ్లర్ కనపడగానే చిన్నప్పటి ఆ భయమే మళ్లీ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఆరేళ్లు. అమెరికాలో, పార్సిప్పనీలో మా పక్క అపార్ట్‌మెంట్ ఈ రొమేనియా అంకుల్‌ది. అమ్మ ఆఫీస్ నుంచి వచ్చేదాకా నన్ను ఆయనే చూసుకునేవారు. ఆ రోజు వాళ్ల గోడమీద ఫుట్‌బాల్ టీం ఫొటో చూశా. దానికి నీలం మఫ్లర్ అచ్చం దండలా వేసుంది. మా ఇంట్లో దండేసిన ఫొటో తాతయ్యదొక్కటే, అదీ పోయాకే వేశారు. ఈ ఫొటోలో మధ్యలో నిలబడ్డది అంకులే! మరి నాకు సూప్ తెస్తున్నదెవరు?

"అంకుల్... మీరు చచ్చిపోయారా?"

ఆయన పగలబడి నవ్వారు. "నేను కాదురా, మా క్లబ్ పోయింది. ఫ్యాక్టరీ టీం మాది. ఎప్పుడూ థర్డ్ డివిజనే. ఒక్క ఏడాది సెకండ్‌కి ఎక్కాం, ఊరు ఊరంతా డాన్సులు! తర్వాత ఫ్యాక్టరీ మూసేశారు, దాంతో టీమూ పోయింది."

నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. ఆ దండ సరైనదానికే పడిందని ఇప్పుడనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే అమ్మ కుంకుమ భరిణె తీసుకెళ్లి, కుర్చీ ఎక్కి, ఆ ఫొటోకి బొట్టు పెట్టా. అంకుల్ మొహానికి మాత్రం అస్సలు తగలనివ్వలేదు.