బావ తెస్తానన్న ఆల్టర్నేటర్

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో మా వ్యాను కీచుమనడం మొదలుపెట్టింది. ఏదో సన్నగా కాదు. పొద్దున్నే తాళం తిప్పితే చాలు, వీధిలో కుక్కలన్నీ లేచి బండి మీదికి వచ్చేవి. ఎదురింటి ముసలాయన అరుగు మీద పళ్లు తోముకుంటూ, "ఒరే, ఆ బండి పీక ఎవుడు నొక్కుతన్నాడ్రా?" అని అడిగేవాడు. రోజూ అదే మాట, అదే నవ్వు. నాకు ఒళ్లు మండిపోయేది.

మాది భావనపాడు. మా నాన్న వేటకు వెళ్లేవాడు. నాకు సముద్రం పడలేదు, పడవెక్కితే వాంతులు. అందుకని ఒడ్డునే ఉండి చేపల వ్యాపారంలో పడ్డాను. అప్పటికే రెండు చేతులు మారిన ఒక పాత వ్యాను కొన్నాను. పడవలు రాగానే వేలంలో చేప పాడుకుని, పెట్టెల్లో ఐసు కొట్టి, నౌపడ మీదుగా టెక్కలి తీసుకెళ్లి అమ్మేవాణ్ణి. టెక్కలిలో ఒక పెద్దావిడ నడిపే మెస్సు ఉంది. నేను తెచ్చే చేపలో సగం పైగా ఆవిడే తీసుకునేది. బేరం ఆడేది కాదు, చేప మంచిదైతే చాలు. మిగతా వాళ్లు ఈరోజు కొంటే రేపు కొనరు. ఆ ఒక్క మెస్సు మీదే మా ఇల్లు నడిచేది. అది పోతే నేను మళ్లీ పడవెక్కాలి, లేదా ఊరు వదలాలి. మూడో దారి లేదు.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఒకడి పడవో బండో మూలపడితే, అతని ఖాతాకి, అంటే అతని దగ్గర వాడుకగా కొనే వాళ్లకి, ఇంకొకడు చేప వేస్తాడు. కానీ గుమ్మంలో పెట్టె దింపేటప్పుడు, "ఇది ఫలానావోడి తరపున" అని నోరు తెరిచి చెప్పాలి. బండి బాగుపడిన రోజున ఆ గుమ్మం మళ్లీ మొదటివాడిదే. ఎంత పగ ఉన్న మనుషులైనా ఈ ఒక్క విషయంలో తప్పరు. కాగితం అక్కర్లేదు, పెద్దమనుషులు అక్కర్లేదు. ఆ ఒక్క మాట చెప్పకుండా పెట్టె దింపినవాణ్ణి దొంగ అంటారు.

మా అక్కను నౌపడలో ఇచ్చాం. బావ పెళ్లికి ముందు విజయనగరంలో ఒక మెకానిక్ షెడ్డులో కొన్నాళ్లు పనిచేశాడు. ఆ కొన్నాళ్లకే మా ఇంటిల్లిపాదికీ ఆయన పెద్ద ఇంజనీరు. మా అమ్మ మిక్సీ పాడైనా ఆయన కోసమే ఆగేది. ఆ మధ్యే ఒక ట్రాలీ ఆటో కొన్నాడు, కానీ దానికి సరైన కిరాయిలు లేవు. పొద్దంతా స్టేషను దగ్గర నిలబెట్టుకుని ఈగలు తోలుకునేవాడు.

బండి కీచుమంటోందని ఫోన్ చేస్తే వెంటనే వచ్చాడు. ఆ వ్యానుకి ఇంజను ముందు సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని డాక్టరులా విన్నాడు.

"బెల్టు వదులైపోనాది, అంతే," అన్నాడు. ఆల్టర్నేటర్ బోల్టు వదులు చేసి, గునపం వేసి వెనక్కి తన్నిపట్టి, బెల్టును వీణ తీగలా బిగించాడు. పడవ చెక్కల సందులకు పూసే గుగ్గిలం ఉంటుంది కదా, దాన్ని పొడి కొట్టి బెల్టు మీద చల్లాడు. మా ఊళ్లో పడవ ఇంజన్లకు అందరూ చేసేది అదే. నేనూ తలూపాను. రెండు రోజులు బండి నోరు మూసుకుంది. తర్వాత అంతకు రెట్టింపు మొదలుపెట్టింది. కీచుకి తోడు గరగరమనే మోత.

బావ మళ్లీ వచ్చాడు. ఈసారి సీటు ఎత్తి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఆల్టర్నేటర్ పోనాది బామ్మర్దీ. లోపల వైండింగు కాలిపోయుంటాది."

"కొత్తదెంతవుతాది?"

"కొత్తది మనం కొంటామేటి? విజయనగరంలో మా పాత షెడ్డోళ్లకి సెప్తాను. మంచి కండిషన్లో ఉన్న పాతది తక్కువలో తెస్తాను. అప్పటిదాకా బండి కదపకు. దార్లో ఆగిపోనాదనుకో, ఐసు కరిగి సేపంతా కుళ్లిపోతాది."

"మరి మెస్సు?"

"నానున్నానుగా. ఆటో ఖాళీగానే ఉన్నాది కదా. నీ తరపున నాను ఏస్తాను."

అప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇంటికెళ్లి మా ఆవిడతో, "బావంటే ఇలా ఉండాలే" అన్నాను. తెల్లారి నేనే చేప పాడి, ఐసు కొట్టి, ఆటోలోకి పెట్టెలు ఎత్తేవాణ్ణి. ఆయన టెక్కలి వెళ్లి వచ్చి డబ్బు చేతిలో పెట్టేవాడు. తన డీజిలు ఖర్చు కూడా వద్దంటే నేనే బలవంతంగా జేబులో కుక్కేవాణ్ణి.

సాయంత్రమయ్యేసరికి అక్క ఫోన్ చేసేది. "ఏటిరా తమ్ముడూ, బండి ఎలగున్నాది? ఇంకా బాగవనేదా?" అని అడిగేది. మా అక్క అంతకు ముందు పండగకో పబ్బానికో తప్ప ఫోన్ చేసే మనిషి కాదు. నా బండి గురించి దానికి ఎంత బెంగ అనుకున్నాను.

విజయనగరం ఆల్టర్నేటర్ మాత్రం రాలేదు. షెడ్డువాడు ఊరెళ్లాడన్నాడు. తర్వాత, వచ్చాడు గానీ సరుకు బాగోలేదన్నాడు. ఆ తర్వాత బస్సులో వేశాడంట, బస్సువాడు ఎక్కడో దింపేశాడంట. ఏ బస్సు, ఏ ఊరు అని అడిగితే, "నీకెందుకు బామ్మర్దీ, నాను సూసుకుంటాను కదా" అనేవాడు. బండి మా ఇంటి ముందు వానకు తడుస్తూ ఉండేది. ఎదురింటి ముసలాయన ఇప్పుడు కొత్త పాట అందుకున్నాడు. "ఒరే, పీక నొక్కీసినట్టున్నార్రా, అరుపే నేదు!"

ఒకరోజు ఇక ఉండబట్టలేక సీటు ఎత్తాను. నాకు మెకానిక్ పని రాదు. కానీ ఒక్క విషయం బుర్రలో మెదులుతూనే ఉంది. వైండింగు కాలిపోతే ఛార్జింగు ఎలా ఎక్కుతుంది? స్టార్ట్ చేశాను. బ్యాటరీ ఎర్రలైటు వెలిగి, మామూలుగానే ఆరిపోయింది. హెడ్‌లైట్లు వేస్తే పెద్ద వెలుగు. అన్నాళ్లు కీచుమంటూ తిరిగినా బండి ఒక్కసారి కూడా తోయించుకోలేదు. మరి కాలిందేమిటి, నా తలకాయా?

ముందు బెల్టు సంగతి చూద్దామని, ఇంజను తిరుగుతుండగా గ్లాసుతో కాసిన్ని నీళ్లు దాని మీద చల్లాను. తప్పు బెల్టుదైతే నీళ్లు పడగానే కాసేపు మోత మారాలి. ఏం మారలేదు. ఆపి, బెల్టు ఊడదీసి, మళ్లీ ఒక్క నిమిషం స్టార్ట్ చేశాను. ఇంజను పిల్లిలా గురగురలాడింది, కీచు లేదు. ఆపేసి, ఆల్టర్నేటర్ చక్రాన్ని చేత్తో తిప్పాను. లోపల ఇసుక పోసినట్టు గరగర. పైకీ కిందికీ ఆడిస్తే ఆడింది కూడా. పోయింది బేరింగు. అంతే! బెల్టును వీణ తీగలా బిగించి ఉన్న కాస్త ప్రాణమూ తీసినవాడు మా ఇంజనీరు బావ.

అసలు అది ఎందుకు పోయిందో కూడా అప్పుడే తెలిసింది. వెనక చేపల పెట్టెల నుంచి కారే ఐసు నీళ్లు, బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు వచ్చి, సీటు కింద రేకు సందులోంచి సరిగ్గా ఆల్టర్నేటర్ మీద పడుతున్నాయి. ఉప్పునీళ్లు, చేప నెత్తురు. ఇనుము ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

నాలుగు బోల్టులు విప్పి దాన్ని గోనెసంచిలో వేసుకుని బస్సెక్కి టెక్కలి వెళ్లాను. ఆటో ఎలక్ట్రీషియన్ దాన్ని విప్పి, పాత బేరింగుల మీద నంబరు చూసి, అవే నంబరువి రెండు కొత్తవి ఎక్కించాడు. బ్రష్షులు ఇంకా బాగానే ఉన్నాయన్నాడు. అంతా కలిపి ఒక పెట్టె కవళ్ల చేపల ఖరీదు కూడా కాలేదు. ఇంటికొచ్చి బిగించాను. ఈసారి బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే కాస్త దిగేలా వదిలాను. పెట్టెల కింద పాత రబ్బరు షీటు పరిచి, నీళ్లు వెనక్కి పోయేలా పైపు ముక్క పెట్టాను. తాళం తిప్పితే చప్పుడే లేదు! ఎదురింటి ముసలాయన అరుగు మీద లేకపోవడం ఒక్కటే లోటు.

సాయంత్రం అక్క ఫోన్ చేసినప్పుడు ఎగిరి గంతేసినంత పని చేస్తూ చెప్పాను. "బాగయిపోనాదే అక్కా! నానే బాగుసేసాను. రేపట్నుంచి బావకి శ్రమ నేదు."

 "అంత తొందరేటిరా? నీకు తెలీని పనులు," అంది. వెంటనే ఫోన్ పెట్టేసింది. పొయ్యి మీద ఏదో ఉందేమో అనుకున్నాను. అంత మొద్దుని నేను.

మర్నాడు మంచి చందువా చేపలు పడ్డాయి, రెండు కోనాలు కూడా. చేప కళ్లు తళతళలాడుతున్నాయి. టెక్కలి మెస్సు ముందు బండి ఆపి పెట్టె దింపుతుంటే పెద్దావిడ గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. నన్ను చూసి నిలబడిపోయింది.

"ఏటి బాబూ, నువ్వింకా ఎల్లనేదా?"

"ఎక్కడికి పిన్నీ?"

"గుజరాత్ బోట్ల మీద పనికి. బండి అమ్మీసి ఎలిపోతన్నావంట కదా?"

"ఎవరన్నారు? మా బావేనా? నా తరపున అని సెప్పనేదా ఆయన?"

"నీ తరపునా? నేదు బాబూ. ఇకమీదట తానే ఏస్తానన్నాడు. మొదటిరోజే సెప్పాడు. నాను నమ్మనేదు. ఆ కుర్రోడు ఒక మాటైనా సెప్పకుండా ఎలగెల్తాడు అన్నాను. అప్పుడు ఆటోలోంచి మీ అక్క దిగినాది. నా సేతులు పట్టుకోని, 'నిజమే పిన్నీ, మా తమ్ముడికి మొకం సెల్లక రానేదు, మీరు మా ఆయనకే మాటియ్యండి' అన్నాది. సొంత అక్క సెప్తే ఇంకెవర్ని అడుగుతాను? మాటిచ్చేసాను బాబూ. ఇప్పుడెలగ?"

ఆవిణ్ణి ఏమనగలను? ఆవిడ మాట తప్పే మనిషి కాదు. అందుకే కదా ఇన్నేళ్లూ నేను నిశ్చింతగా ఉన్నది. పెట్టె మళ్లీ బండిలోకి ఎక్కించాను. బావ సంగతి సరే, బయటివాడు. మోసం చేశాడు, చెయ్యనీ. నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి ఆటో దిగి, ఒకావిడ చేతులు పట్టుకుని, నేను బతికుండగానే నన్ను ఊళ్లోంచి పంపించేసింది. మొదటిరోజే! నేను ఇంటి దగ్గర బావను పొగుడుతున్న రోజే.

నేరుగా నౌపడ వెళ్లాను. బావ వాకిట్లో ఆటో తుడుస్తున్నాడు. నన్ను చూసి గుడ్డ వేగంగా తిప్పుతూ, తలెత్తకుండా, "తిన్నావా బామ్మర్దీ?" అన్నాడు. ఆ ప్రశ్నకి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్లాను.

అక్క బియ్యం ఏరుతోంది. నా మొహం చూడగానే దానికి అర్థమైపోయింది.

"ఎందుకే అక్కా?" అన్నాను. దారంతా ఎన్ని తిట్లు కూర్చుకున్నానో, ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

అది చేట పక్కన పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఆటో కిస్తీ కట్టకపోతే బండి పట్టుకెలిపోతామన్నారు ఫైనాన్సోళ్లు. ఆయన రెండు రోజులు మెతుకు ముట్టనేదు. ఏటి సెయ్యమంటావు?"

"నన్నడిగితే నానే ఇచ్చీసీవోడ్ని కదే! సగం సేప ఆయన్నే ఏసుకోమనీవోడ్ని. ఒక్క మాట అడగలేకపోనావా?"

"ఇస్తావని తెలుసురా. అందుకే అడగనేదు." నా వైపు సూటిగా చూసింది. "నువ్విస్తే, బతికినంత కాలం బామ్మర్ది దయ మీద బతికినట్టుంటాది ఆయనకి. ఆయన తట్టుకోలేడు."

"మరి నాను? నా పిల్లలు?"

"నీకేటిరా," అంది, చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ. "నువ్వెలగైనా బతికీగలవు."

అక్కణ్ణుంచి వచ్చేశాను. బండిలో చేప అలాగే ఉంది, ఐసు కరుగుతోంది. పారబొయ్యలేను కదా. నౌపడ రైల్వే క్వార్టర్ల మధ్యకి తోలి, జీవితంలో ఎప్పుడూ చెయ్యని పని, కిటికీలోంచి తల బయటపెట్టి "చేపలో!" అని అరిచాను. మొదటిసారి నాకే వినిపించలేదు. రెండోసారికి తలుపులు తెరుచుకున్నాయి. ఉప్పు మడుల దగ్గర కూలీలు కూడా కొన్నారు. మధ్యాహ్నానికి పెట్టెలు ఖాళీ అయ్యాయి. మర్నాడూ అలాగే తిరిగాను, ఆ తర్వాత కూడా. నెమ్మదిగా కొన్ని గుమ్మాలు కుదిరాయి.

అక్క చెప్పినట్టే బతికేశాను. ఆ మాట నిజమైనందుకే దాన్ని ఈరోజుకీ క్షమించలేకపోతున్నాను.