నల్లావు మీద విచారణ

ఇది మా బరంపురం వీధిలో జరిగిన మహాయుద్ధం. అత్తాకోడళ్ల వైరం, ఒక వియోగం, ఒక రాజతీర్పు. పర్వాలుగా రాద్దామనే కూర్చున్నాను. తీరా చూస్తే, మామ్మ అరుగు మీద ఎండబెట్టిన వడియాలను ఒక ఆవు తినేసింది. అంతే.

ఆ సమయంలో నేను అరుగు చివర ఫోను చూసుకుంటున్నాను. తలెత్తేసరికి సందు మలుపులో ఒక తోక మాయమవుతోంది. నేను చూసింది ఆ తోక ఒక్కటే. ఎదురింటి ఒడియా మావుసి మాత్రం మొత్తం చూసింది. మాతో ఆమె ఎప్పుడూ తెలుగే మాట్లాడుతుంది, మర్యాదకి. కిటికీలోంచి కేకేసింది: "అమ్మా, నాలి ఆవు వడియాలు తినేసింది."

మా అందరికీ నల్లావు అనే వినిపించింది.

వీధిలో నల్లావు ఒక్కటే, మా పిన్నిది. దూడప్పుడు సీసాతో పాలు పట్టి పెంచుకుంది. మెడలో గంట కట్టింది. పొద్దున్నే విప్పి వదులుతుంది.

మామ్మ నన్ను పిలిచింది. "నువ్వక్కడే ఉన్నావు కదరా. ఆ నల్లావుని ఆపలేకపోయావేటి?"

ఆపలేదేమని అడిగింది తప్ప, రంగు సంగతి ఎవరూ అడగలేదు. "ఆపుదును మామ్మా, కొమ్ములూపింది," అన్నాను. అంటుండగానే ఆ కొమ్ములు నాకు కనిపించాయి కూడా. నల్లటి మొహం, మూతికి తెల్లటి పిండి. మా నాన్నకి గంట చప్పుడు గుర్తొచ్చింది. ఆయన అప్పుడు స్నానాల గదిలో పంపు విప్పుకుని ఉన్నాడు. సాయంత్రానికి నా సాక్ష్యంలో ఆవు వెళ్తూ వెళ్తూ నాకేసి చూసి నవ్వింది.

మామ్మ తీర్పు చెప్పేసింది. ఆవుని గిరిసోలలో పిన్ని పుట్టింటికి పంపెయ్యాలి.

పిన్ని పలుపు పట్టుకుని గుమ్మంలో కూచుంది. కళ్లనిండా నీళ్లు. "దానెంట నానూ ఎల్తాను అత్తా. వంట మీరే సూసుకోండి."

చిన్నాన్న మొహం పాలిపోయింది. "అమ్మా, ఇంకోసారి ఆలోసించు," అన్నాడు. అది ప్రేమో ఆకలో ఇప్పటికీ తేలలేదు.

ఇంతలో మావుసి పంచదారకని వచ్చింది. విషయం విని కంగారుపడింది. "దీన్నెందుకు పంపడం? తిన్నది నాలిది కదా."

"అదే కదా, నల్లదే," అంది మామ్మ.

"నల్లది కాదమ్మా, నాలి. మీ చీరలాగ."

అందరం మామ్మ చీర వైపు చూశాం. ఎర్ర చీర.

ఒడియాలో నాలి అంటే ఎరుపు. ఇది మా ఇంట్లో ఊహ తెలిసిన ప్రతివాళ్లకీ తెలుసు. మావుసి హాయిగా ఒడియాలోనే అరిచి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

పిన్ని నావైపు తిరిగింది. "మరి నువ్వు సూసిందేటిరా?"

"తోక."

"తోక నవ్విందా?"

ఇప్పటికీ కళ్లు మూసుకుంటే నాకు నల్లావే కనిపిస్తుంది, మూతికి పిండితో. పిన్ని ఆవు ఎక్కడికీ పోలేదు. వడియాలు ఇప్పుడు మేడ మీద పెడుతున్నాం. అక్కడ ఎండ ఎక్కువ, తొందరగా ఎండుతున్నాయి.