నీళ్లు దాచుకున్న ఇంట్లో నా తొమ్మిదో నెల

ఆ రోజు పొద్దున జడ వేసుకుందామని చేతులు పైకెత్తితే లేవలేదు. ఒకే పక్కకు తిరిగి పడుకున్నందుకు మొద్దుబారాయేమో అనుకున్నాను. మంచం దిగి కాలు నేల మీద మోపగానే మడమలో నొప్పి జివ్వుమంది. గోడ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అప్పుడు నాకు తొమ్మిదో నెల. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది.

చికున్‌గున్యా మా జిల్లాలో ఊరూరా తిరిగిన సంవత్సరం అది. మా అత్తగారిది విడపనకల్లు. కాన్పుకని గార్లదిన్నె దగ్గరున్న పుట్టింటికి వచ్చాను. మొదటి కడుపు నిలవలేదు కాబట్టి ఈసారి ఇంట్లో అందరికీ భయమే. బరువు ఎత్తనివ్వరు, ఎండలోకి పోనివ్వరు. పగలంతా పెరట్లో నీళ్ల తొట్టి పక్కన చాప వేసి కూర్చోబెట్టేవాళ్లు. ఇంటి మొత్తానికి చల్లగా ఉండేది ఆ చోటొక్కటే. దోమలు కుట్టేవి, విసురుకునేదాన్ని. దోమలు ఎక్కడ లేవు?

ఆ తొట్టి అంటే మా నాయనకు ప్రాణం. వేసిన బోర్లన్నీ ఎండిపోయిన మనిషి ఆయన. ట్యాంకరు వచ్చిన రోజు నిండా పట్టుకుని, పైన రేకు కప్పి వాడుకునేవాళ్లం. అడుగున మిగిలిన నీళ్ల మీదే మళ్లీ కొత్త నీళ్లు. తొట్టి ఎండడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నాకు జ్వరం రాకముందే ఒకసారి, ఇల్లిల్లూ తిరిగి చూస్తున్న నర్సమ్మ వచ్చి రేకు జరిపి లోపలికి చూసింది.

"పురుగులుండాయి పెద్దాయనా. ఇవే దోమలయితాయి. నీళ్లు పారబోసి తొట్టి ఆరబెట్టండి. ఇంట్లో కడుపుతో ఉండే బిడ్డ ఉండాది" అంది.

"పారబోస్తే మళ్ల నువ్వు తెచ్చి పోస్తావేమ్మా? దోమ కుడితే సచ్చిపోము గానీ నీళ్లు లేకుంటే సచ్చిపోతాం" అన్నాడు నాయన.

ఆమె రేకు మళ్లీ కప్పి పక్కింటికి వెళ్లిపోయింది. నాకూ నాయన చెప్పిందే న్యాయంగా తోచింది.

జ్వరం వచ్చిన మరుసటి రోజు అనంతపురం తీసుకుపోయారు. బస్సు మెట్టు ఎక్కలేకపోతే అమ్మ వెనక నుంచి తోసింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ బ్లడ్ టెస్ట్, స్కాన్ చేయించింది. "ఫీటల్ హార్ట్ బాగుంది. ప్లేట్‌లెట్స్ కొంచెం తగ్గాయి. చూస్తే చికున్‌గున్యా లాగే ఉంది. దీనికంటూ వేరే మందు లేదు. పారాసిటమాల్ వేసుకో, నీళ్లు బాగా తాగు, రెస్ట్ తీసుకో. ఈ జ్వరంలోనే డెలివరీ అయితే బేబీకి కూడా రావచ్చంటున్నారు. కాబట్టి జ్వరం పోయేదాకా నొప్పులు రాకుంటే మేలు" అంది. మేం లేచి బయటికి పోతుంటే మళ్లీ పిలిచింది. "ఊళ్లో పెయిన్‌కిల్లర్ ఇంజెక్షన్లు వేస్తున్నారంట. నువ్వు మాత్రం వేయించుకోవద్దు. ఈ నెలల్లో అవి బేబీ హార్ట్‌కు ప్రమాదం."

"మళ్ల ఈ నొప్పులు ఎట్ల మేడం?" అని అడిగింది అమ్మ.

"ఓర్చుకోవాలమ్మా."

చెప్పడానికి ఎంతసేపు! జ్వరం వారం లోపే పోయింది, కీళ్ల నొప్పులు పోలేదు. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. అన్నం అమ్మే కలిపి పెట్టేది. దొడ్డికి పోవాలంటే ఇద్దరు లేపాలి. ఏడుద్దామన్నా ఓపిక ఉండేది కాదు. బిడ్డ కదిలితే ఆ కాసేపు హాయిగా ఉండేది. కాసేపు కదలకపోతే అమ్మా అని కేక పెట్టేదాన్ని.

ఊళ్లో సగం మంది ఇలాగే పడున్నారు. కానీ ఆర్‌ఎంపీ డాక్టరు సూది వేస్తే సాయంత్రానికి లేచి తిరుగుతున్నారు. పక్కింటి ఓబులమ్మత్త కర్ర పట్టుకుని పోయి, ఆ కర్ర చంకలో పెట్టుకుని తిరిగొచ్చింది.

"ఏమే, ఇంత మొండితనమేమే నీకు? ఒక్క సూదితో పోయేదానికి ఇన్ని దినాలు మూలుగుతాండావు. నేను ఏపించుకోలేదా?" అంది.

"నీ కడుపులో ఎవరుండారత్తా?" అన్నాను.

"ఈ వయసులో ఇంగెవరుంటారే!" అని పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వినందుకు భుజాలు సలిపాయి.

ఒక సాయంత్రం అమ్మ నా అవస్థ చూడలేక ఆ డాక్టరును ఇంటికే పిలుచుకొచ్చింది. ఆయన సంచిలోంచి సూది, మందు తీశాడు. ఉన్నమాట చెబుతున్నాను, చెయ్యి చాపాలనిపించింది. ఒక్కటే కదా, ఒక్కదానికి ఏమవుతుంది అనుకున్నాను. అంతలో లోపల బిడ్డ కదిలింది.

"వద్దన్నా, పోండి" అన్నాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

జ్వరం తగ్గిన రెండు వారాలకు నొప్పులు వచ్చాయి. మోకాళ్లు వంగక కాన్పు బల్ల మీద నరకం చూశాను. ఆడపిల్ల. పిల్లల డాక్టరు చూసి, "ఫీవర్ లేదు, ఫీడింగ్ బాగుంది. ఇంటికి పోయాక దోమలు కుట్టకుండా చూసుకోండి" అన్నాడు. నిద్ర ముంచుకొస్తుంటే తలూపాను.

ఇంటికి వచ్చిన కొద్దిరోజులకే అమ్మ మంచం దిగలేకపోయింది. అదే జ్వరం, అవే నొప్పులు. అమ్మను కుట్టిన దోమ పక్కనే ఉన్న పసిదాన్ని కుట్టదా? అన్ని నొప్పులు ఓర్చుకుని కన్నది ఇందుకేనా? అమ్మకొకటి, బిడ్డకొకటి దోమతెర కట్టించాను.

"నాయనా, ఆ తొట్టి ఖాళీ చెయ్యి" అన్నాను.

ముందు రోజే ట్యాంకరు వచ్చింది. తొట్టి నిండుగా ఉంది. నాయన అమ్మ వైపు చూశాడు, బిడ్డ వైపు చూశాడు. లేచాడు. ఇంట్లో ఉన్న బిందెలన్నింటిలోకి నీళ్లు గుడ్డతో వడగట్టి పోసి, మూతులకు గుడ్డలు కట్టాడు. మిగిలిందంతా బకెట్లతో తోడి పెరట్లో పోశాడు. ఆ ఎర్రమట్టి పోసిందంతా పీల్చేసుకుంది. అడుగు కనిపించాక తొట్టిలోకి దిగి, టెంకాయ పీచుతో గోడలు రుద్దుతూ ఏడ్చాడు. పంట పోయినప్పుడు కూడా మా నాయన ఏడవగా నేను చూడలేదు.

మళ్లీ ట్యాంకరు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ స్నానాల్లేవు. పసిదానికి మాత్రం రోజూ నీళ్లు పోశాం.

పాపకు ఆ జ్వరం రాలేదు. ఇప్పుడు దానికి మూడేళ్లు, నోరు మూయదు. అమ్మ కోలుకుంది. నా వేళ్లు మాత్రం ఇంకా పొద్దున పూట వంగవు. వేడినీళ్లలో కాసేపు పెట్టుకుంటే గానీ రొట్టె తట్టలేను. పనయ్యేసరికి నీరసం వస్తుంది.

కడుపుతో ఉన్నవాళ్లకు, పసిబిడ్డలున్న ఇళ్లకు నేను చెప్పేది ఒక్కటే. వారానికొకసారి తొట్టి అడుగు కనిపించేదాకా తోడేసి, గోడలు గట్టిగా రుద్ది, ఆరబెట్టండి. ఊరికే నీళ్లు మారిస్తే చాలదు, గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయని ఆ నర్సమ్మే తర్వాత చెప్పింది. పట్టినన్ని నీళ్లు వడగట్టి మూతలున్న బిందెల్లో పెట్టుకోండి. మిగిలినవి పారబోయాలంటే మనసొప్పదు. మన సీమలో ఎవరికి ఒప్పుతుంది? అయినా పారబోయండి.