ఖాళీ కుర్చీ ముందు కంప్యూటరు

కదిరమ్మ ఇంట్లో మనిషి లేని గదిలో దీపం వెలగకూడదు, ఫ్యాను తిరగకూడదు. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచీ ఆవిడ శాసనం అది. కొడుకు దర్శన్ స్నానానికి లేస్తే చాలు, అతని గదిలోకి వెళ్ళి స్విచ్చులన్నీ ఆర్పి వచ్చేది. అలాంటి మనిషి ఇంటికి రెండు వేల అయిదులో ఇంటర్నెట్ వచ్చింది. ఇంకేముంది!

వచ్చింది కింద హాల్లో, ఫోను పక్కనున్న పాత కంప్యూటరుకు. కోడలు నళినికేమో అది పైగదిలో కావాలి. బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేసిన నళిని, ఇంటి నుంచే చేసే పనొకటి వెతుక్కుంది. డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని, టైపు చేసి, వైట్‌ఫీల్డ్‌లోని కంపెనీకి పంపాలి. వచ్చేపోయేవాళ్ళ మధ్య, టీవీ మోతలో హాల్లో కూర్చుని చేసే పని కాదది. దర్శన్ అత్తిబెలె ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతుంటే, తనే కూర్చుని నేర్చుకుని, కింది కంప్యూటరు నుంచి మెట్ల గోడ వెంట తీగ లాగి పైనున్న తన కంప్యూటరుకు కలిపింది. ఒకే ఇంటర్నెట్ రెండింటికీ పనిచేసింది. నిచ్చెన పట్టుకున్నది కదిరమ్మే. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఆ రోజు ఆవిడ పొంగిపోయింది. ఎదురింటి సావిత్రమ్మను పిలిచి మరీ ఆ తీగ చూపించింది.

పొంగితే పొంగింది గానీ, చెయ్యి ఊరుకుంటుందా? మర్నాడు హాల్లో కుర్చీ ఖాళీగా ఉంది, కంప్యూటరు గుర్రుమంటోంది. ఠక్కున ఆర్పేసింది. పైన నళిని పంపుతున్న ఫైలు సగంలో ఆగిపోయింది. కోడలు దిగొచ్చి మెల్లగా చెప్పింది, అత్త తలూపింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, వారం తిరక్కుండా మళ్ళీ ఆర్పింది. ఈసారి కంపెనీవాళ్ళు ఫోను చేసి, ఇంకొక్కసారి ఆలస్యమైతే పని వేరేవాళ్ళకిస్తామని ఖరాఖండిగా చెప్పేశారు. నళిని అరవలేదు. మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. అరిచి ఉంటే కదిరమ్మ తనూ నాలుగు అనేసి ఊరుకునేది. ఆ ఏడుపు చూసేసరికి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. పక్కన కూలబడి, తనకు అర్థమయ్యేట్టు చెప్పమని అడిగింది.

"సంపుకాడ మోటారు ఆడితేనే కదత్తా పైకొళాయికి నీళ్ళొచ్చేది? ఇదీ అంతే. ఇంటర్నెట్ ఈ కింద మిషన్‌కే వస్తాది. దీన్నుంచే నాకు పైకెక్కాల. ఇది ఆర్పితే నాకాడ ఎండిపోతాది."

సంపు సంగతి బెంగళూరు ఆడదానికి ఒకరు చెప్పాలా! ఈ ముక్క మొదటే అనుంటే సరిపోయేది కదా అని కోడలి మీదే విసుక్కుంది. ఆ తర్వాత ఇల్లంతా ఆర్పుకుంటూ తిరిగినా, ఆ ఒక్క స్విచ్చు జోలికి పోలేదు.

కొన్నాళ్ళకు కంపెనీ ఒక పెద్ద ఫైలు ఇచ్చింది. అది మధ్యాహ్నంలోగా చేరితే పని ఖాయం, చేరకపోతే లేదు. సరిగ్గా ఆ పొద్దున్నే ఊడిపడ్డాడు కదిరమ్మ అన్న మునినారాయణప్ప. ఆయనంటే ఇంటిల్లిపాదికీ హడల్. కదిరమ్మ మనవరాల్ని ఎత్తుకునే వయసొచ్చినా, ఆయన ముందు కుర్చీలో కూర్చుని ఎరగదు, ఎదురు చెప్పి ఎరగదు. ఆయన హాలంతా ఓసారి కలయజూసి, ఎవరూ లేకుండా ఈ మిషను ఎందుకు మొత్తుకుంటోందని విసుక్కుంటూ స్విచ్చు మీదికి చెయ్యి చాపాడు.

కదిరమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"చెయ్యి తియ్యన్నా. దీని ముందర ఎవురూ లేరనుకోవద్దు. పైన నా కోడలుండాది."

ఆయన మొహం మాడిపోయింది. పెద్దవాడినన్న గౌరవం లేదా అని గొణిగాడు. కదిరమ్మ కుర్చీ లాక్కుని, అన్న కళ్ళెదుటే, స్విచ్చుకు అడ్డంగా కూర్చుంది. ఆయన కాఫీ అడిగితే, వంటింట్లో డికాషన్ ఉంది, పాలున్నాయి, కలుపుకోమంది. ఆ మహానుభావుడు జన్మలో మొదటిసారి తన కాఫీ తాను కలుపుకున్నాడు. పప్పు అడుగంటుతున్న వాసనొస్తే, పొయ్యి కూడా ఆయన చేతే ఆర్పించింది గానీ తను మాత్రం లేవలేదు.

మధ్యాహ్నానికి పైన సెల్‌ఫోను మోగింది. కాసేపటికి నళిని గబగబా మెట్లు దిగొచ్చింది.

"పొయ్యిందా?" అంది కదిరమ్మ.

"పొయ్యిందత్తా. పని మనకే ఇచ్చినారు."

కష్టం నళినిది, చదువు నళినిది. నాకే ఇచ్చారనొచ్చు. అనలేదు, మనకే అంది. ఆ మనలో తనూ ఉందని తెలిసి కదిరమ్మకు కళ్ళు నిండాయి. కొంగుతో తుడుచుకుని, గ్లాసు పట్టుకుని నిలబడ్డ అన్న వైపు తిరిగింది.

"ఇన్నావా అన్నా? మనకే అంట."