నేను పట్టిచ్చిన నేరస్థుడు

టెక్నికల్ బడిలో చదివి, పుదుచ్చేరిలో ఒక ఫ్రెంచి దొర బట్టల మిల్లులో యంత్రాలు బాగుచేసే ఫిట్టరుగా ఉన్నాను. నాకు అపరాధ పరిశోధక నవలల పిచ్చి. మిల్లులో మనవాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని అక్షరాలు రావు. అందుకని మధ్యాహ్నం కూడు తిన్నాక నేను పైకి చదివితే, చుట్టూ కూర్చుని వినేవారు.

కిందటేడు ఒక మగ్గం తోలు బెల్టు తెగి, విసురుగా తగిలి కన్నయ్య అనే నేతగాడి దవడ పగిలింది.

"ఎవడో కోసినాడు. పుస్తకంలో మాదిరి నువ్వే కనుక్కోవాల సామీ," అన్నారు అందరూ.

పొంగిపోయి నోటుబుక్కు తీశాను. ఒకటి, తెగిన అంచు కత్తితో కోసినంత నున్నగా ఉంది. రెండు, యంత్రాలకు నూనె వేసే మునుసామన్న దగ్గర కత్తి ఉంది. మూడు, ముందురోజే ఆయనకూ కన్నయ్యకూ తగాదా జరిగింది. నవల చివరి అధ్యాయం చదివే గొంతుతోనే ఆ మూడూ చదివాను.

ముగించానో లేదో, మునుసామన్నను కింద పడేసి కర్రలతో బాదారు.

"ఏందిరా ఇది! నేను యాడ కోసినానురా!" అని ఆయన అరిచాడు.

నెత్తురు చూశాక గాని నేను మొదట చెయ్యాల్సిన పని గుర్తు రాలేదు. పరుగెత్తి బెల్టు తిరిగే పుల్లీని తడిమాను. దాని విరిగిన అంచుకు నా వేలే తెగింది. బెల్టును కోసింది అదే. నేను అడ్డం పడేసరికి ఆయన కుడిచేతి వేళ్లు రెండు నుజ్జయిపోయాయి.

ఆస్పత్రిలో కాళ్లు పట్టుకున్నాను. ఆయన తిట్టలేదు.

"నువ్వు చదవతా ఉంటే, నేనే కోసినానేమో అనిపించింది తమ్ముడూ," అన్నాడు.

ఆయన నన్ను నాలుగు తన్ని ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో.