తెల్ల మొలక

మొక్కలమ్మే ఆమెను వీధి వీధంతా నిద్రకళ్ళమ్మ అనేది. రెప్పలు రెండూ ఎప్పుడూ సగం వాలే ఉండేవి మరి. కునుకు తీస్తోందనుకుని ఎవరైనా ఒక కుండీ ఎక్కువ సర్దుకోబోతే, "కళ్ళే వాలాయి బాబూ, చూపు వాలలేదు" అనేది. మధ్యాహ్నానికి మాత్రం కాళ్ళు పీకేవి. పీట మీద కూలబడి "వయసు" అనేది. పాతికేళ్ళప్పుడూ ఆ మాటే అనేది!

ఆమెకు పేరు తెచ్చింది మచ్చల చంద్రకాంత. ఒకే మొక్కకు ఒక కొమ్మ పచ్చగా, ఇంకోటి తెల్లగా, మరోటి రెండూ కలిసిన మచ్చలతో ఉంటాయి. ఆకుల్లోని పచ్చటి రేణువులు ఎండతో, నీళ్ళతో, గాలితో తిండి వండుతాయి. తెల్లకొమ్మకు ఆ వంటే రాదు, పక్కకొమ్మల మీద పడి తింటుంది. ఏ పచ్చమొక్క పుప్పొడి అద్దినా సరే, తెల్లకొమ్మ గింజకు తెల్ల మొలకే వస్తుంది. గింజలో తెచ్చుకున్న తిండి అయిపోగానే తల వాల్చేస్తుంది. మచ్చలకొమ్మ గింజ మాత్రం పచ్చగానో, తెల్లగానో, మచ్చలతోనో, ఎటైనా పోవచ్చు. తెల్లవి కనబడితే ఆమె "చోటు దండగ" అని గిల్లి పారేసేది.

మనవడికి నాలుగేళ్ళు. మెట్టెక్కలేడు, నాలుగు ముద్దలు మింగేసరికి సొమ్మసిల్లుతాడు. ఆమె ఊరుకుంటుందా! "మా వైపు ఇలాంటివి లేవే, అంతా మీ ఆయన వైపుదే" అని కూతురి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. అల్లుడు పాపం పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగాడు.

చివరికి డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

"మన కణాల్లో మైటోకాండ్రియా అని ఉంటాయి. తిన్నదాన్ని శక్తిగా మార్చేవి అవే. బాబుకి వాటిలో చాలావరకు పాడైనవే ఉన్నాయి. అవి తండ్రి నుంచి రావు, తల్లి నుంచే వస్తాయి."

ఆగి, పెద్దావిడ ముఖంలోకి చూసింది. "అమ్మా, మీ రెప్పలు ఎప్పట్నుంచి అలా వాలుతున్నాయి?"

నిద్రకళ్ళమ్మ కూతురి వైపు తిరిగింది. అవే రెప్పలు. అచ్చం నా పోలికేనని ఇన్నేళ్ళూ ఎంత మురిసిపోయింది!

కూతురు అయిదో నెల కడుపు మీద చెయ్యేసుకుంది. "మరి ఈ బిడ్డ?"

"మీ తల్లీకూతుళ్ళకి పాడైనవి కొన్నే, అందుకే నెట్టుకొస్తున్నారు. ఈ బిడ్డకి ఎన్ని వెళ్ళాయో ఇప్పుడే చెప్పలేను. బాగానే ఉండొచ్చు. బాబులాగా ఉండొచ్చు."

మచ్చలకొమ్మ గింజ. ఆమెకు ఇంక ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చాక అల్లుడికి ముఖం చూపించలేక మొక్కల్లోకి పోయింది. కొత్త ట్రేలో పచ్చటి మొలకల మధ్య ఒక్కటి తెల్లగా లేచింది. అలవాటుగా గోరు దాని మెడ దాకా పోయి ఆగింది. అంత భయం ఆమె ఎన్నడూ ఎరగదు.

కూతురు వెనకే వచ్చి నిలబడింది. ఈ ట్రేల మధ్యే పెరిగిన పిల్ల.

"గిల్లెయ్యవేంటమ్మా?"

"ఉండనీవే, పాపం."

"ఎండలో పెడితే?"

ఎండ దాన్నేం చేస్తుంది, వండుకునే పచ్చదనమే లేకపోయాక! ఆ సంగతి కూతురికీ తెలుసు.

"పెడదాంలే" అని తల్లి ట్రేని ఎండలోకి జరిపింది.