మాయమైన పదకొండు మంది

మొన్న మంగళవారం నేనేం చేశానో వినండి. ఒక్క ఎంటర్ కొట్టి మా కంపెనీలో పదకొండు మందిని మాయం చేశాను!

ఒమన్‌లోని రుసైల్‌లో మా ఫ్యాక్టరీలో పనిచేసే అందరి వివరాలూ ఒక పీసీలో, పాత డెస్క్‌టాప్ డేటాబేస్‌లో ఉండేవి. నలుగురు ఒకేసారి తెరిస్తే అది గుడ్లు తేలేసేది. రెండువేల సంవత్సరం రాకముందే దాన్ని లైనక్స్ మీద నడిచే ఓపెన్ సోర్స్ సర్వర్‌కి మార్చేస్తానని పంతం పట్టాను.

"ఫ్రీగా వచ్చేదాన్ని నమ్మొచ్చా?" అన్నాడు మేనేజర్ ఖాన్.

"నన్ను నమ్మండి సార్!"

కొత్తదాంట్లో గట్టి రూలొకటి పెట్టాను. పేరూ, పుట్టిన తేదీ రెండూ కలిస్తే ఒకే మనిషి, రెండోసారి రానివ్వొద్దు. పదకొండు ఎంట్రీలు ఎగిరిపోయాయి. ఎంత చెత్త పేరుకుపోయిందో అనుకుని హాయిగా టీ తాగాను.

బుధవారం పొద్దున్నే గంగారాం వచ్చాడు. నిజామాబాద్ వైపు మనిషి.

"సార్, శుక్రవారం నా ఫ్లైట్. లీవ్ లెటర్ రాలే."

స్క్రీన్ చూశాను. గంగారాం పోయిన నెలే ఇంటికెళ్లొచ్చాడు!

"ఏక్ ఆద్మీ కో దో ఛుట్టీ? నహీ!" ఒకే మనిషికి రెండు సెలవులు కుదరవన్నాడు ఖాన్.

"గాయన పెద్ద గంగారాం సార్! నేను చిన్న గంగారాం. బిడ్డ పుట్టి రెండేండ్లాయె, ఇంకా మొఖం చూడలే."

అందరి పాస్‌పోర్టులూ కంపెనీ దగ్గరే ఉంటాయి; బీరువాలోంచి ఇద్దరివీ తీశాను. ఒకే సంవత్సరం, జులై ఒకటి.

"ఇద్దరూ ఒకే రోజు పుట్టారా?"

"మా క్యాంపుల సగం మంది గదే రోజు పుట్టిన్రు సార్. పాస్‌పోర్టు చేయించిన ఏజెంటు రాసిండు. మా అమ్మనడిగితే వానలు వడ్డప్పుడు పుట్టినవంటది."

ఇక్కడ గురు, శుక్రవారాలు సెలవు; ఒంటిగంటకి ఆఫీసు మూస్తే మళ్లీ శనివారమే. పాతదానికి తిరిగి వెళ్లే ప్రశ్నే లేదు! రూలు పీకేశాను. ఒక్కొక్కరినీ కంపెనీ నంబరుతో గుర్తుపట్టేలా మార్చి, పాత ఫైలు మళ్లీ ఎక్కించాను. పన్నెండూ యాభైకి లెటర్ గంగారాం చేతిలో పెట్టాను.

"ఇంకా ఎవరెవర్ని తీసేశావ్?" అన్నాడు ఖాన్.

లిస్టు ప్రింట్ తీసి చదివాను. గంగారాం, పోశెట్టి, రాజన్న... పది పేర్లయ్యాక చివరిది రెండోసారి చదువుకున్నాను.

పదకొండు: శ్రీనివాస్, కంప్యూటర్ సెక్షన్. అంటే నేనే!

ఏసీ మెకానిక్ శ్రీనివాస్ పుట్టింది కూడా నా సంవత్సరమే. ఇక తేదీ కోసం నా పాస్‌పోర్టు తెరవక్కర్లేదు. బడిలో మా హెడ్మాస్టరు అందరికీ వేసింది జులై ఒకటే.

చిన్న గంగారాం లెటర్ మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు:

"సార్, నాది లీవే ఆపిన్రు. మీరైతే మీ నౌకరినే తీసేసుకున్నరు గదా!"